కొమురం భీమ్‌గా జపాన్ అమ్మాయి... మరి సోంబాయి ఎవరు?

కొమురం భీమ్ వేషం ఒక ఆడపిల్ల కట్టిందంటే మీరు నమ్ముతారా? అదీ మన ఆసిఫాబాద్‌లోనో, హైదరాబాద్ రవీంద్రభారతిలోనో కాదు... సముద్రాలకవతల జపాన్‌లో! మొదట విన్నప్పుడు నేనూ నమ్మలేదు. ఫొటో చూశాక కూడా కాసేపు నమ్మబుద్ధి కాలేదు. రొమ్ము విరుచుకుని, కనుబొమలు ముడిచి, పిడికిలి బిగించి నిలబడ్డ ఆ మనిషి ఆడమనిషంటే ఎలా నమ్మడం చెప్పండి!

'ఆర్.ఆర్.ఆర్.' చిత్రాన్ని జపాన్ వాళ్ళు ఎంతగా నెత్తిన పెట్టుకున్నారో సినీప్రియులకు వేరే చెప్పనక్కర లేదు. 2022 మార్చి 25న మన దగ్గర విడుదలైన ఆ బొమ్మ అదే ఏడు అక్టోబరు 21న అక్కడి థియేటర్లకెక్కింది. 1998లో జపాన్‌ను ఊపేసిన రజనీకాంత్ 'ముత్తు' రికార్డును దాటేసి, ఏడాది తిరిగినా దిగకుండా ఆడింది. అంతటితో ఆగారా? 2024 జనవరి 5న తకరజుకా అనే ఊళ్ళో దాన్ని సంగీత నాటకం చేసి రంగస్థలం మీదికెక్కించారు. ఆ నాటక సమాజంలో వేదిక మీద మగ పురుగన్నది కనిపించదు. రాజు, రౌడీ, సిపాయి, ప్రియుడు... ఎవరైనా సరే, కట్టేది ఆడవాళ్ళే. భీమ్ పాత్ర ధరించినామె రేయ్ మకోతో, అప్పటి వాళ్ళ అగ్రతార. రామరాజు పాత్ర అకత్సుకి చిసెయ్ అనే ఆమెది. ఆ మార్చిలో జపాన్ వెళ్ళిన రాజమౌళి గారు స్వయంగా ఆ నాటకం చూసి వచ్చారు.

నాటకం పేరులో భీమ్ ముందు లెక్కల పుస్తకంలోని వర్గమూలం గుర్తు పెట్టారు. దాన్ని 'రూట్ భీమ్' అని చదువుకోవాలి. కథ భీమ్ దారివెంట నడుస్తుందన్నమాట. మన దగ్గర అభిమానులు "మా హీరోకెన్ని నిమిషాలు, మీ హీరోకెన్ని నిమిషాలు" అని గడియారం ముందు పెట్టుకుని తగువులాడుకుంటే, జపాన్ వాళ్ళు ఒక్క గుర్తుతో తేల్చి పారేశారు!

ఈ తకరజుకా పుట్టుపూర్వోత్తరాలు కూడా తమాషాగానే ఉంటాయి. అది ఒసాకాకు దగ్గర్లో వేడినీటి బుగ్గలున్న ఊరు. కొబయాషి ఇచిజో అనే పెద్దమనిషి కంపెనీ అక్కడిదాకా రైలు మార్గం వేసింది. లైను వేస్తే సరిపోతుందా, ఎక్కేవాళ్ళు కావద్దూ? చివరి స్టేషన్‌దాకా జనాన్ని లాగాలని ఈత కొలను కట్టించారు. జనం రాలేదు. ఆ కొలను మీదే పలకలు పరిపించి, దాన్ని నాటకశాల చేసి, ఆడపిల్లలకు ఆటా పాటా నేర్పించి 1914లో మొదటి ప్రదర్శన ఇప్పించారు. రైలు టిక్కెట్లు అమ్ముకోవడానికి పుట్టిన కళ! (మన సినిమా మాత్రం దేనికోసం పుట్టిందీ అని మీరు గొణుక్కుంటే నేను కాదనను లెండి.)

ఇప్పుడు వాళ్ళకు ఐదు బృందాలు. పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం, విశ్వం అని పేర్లు. మన భీమ్‌ను కట్టింది నక్షత్ర బృందం. చేరాలంటే ముందు వాళ్ళ సంగీత పాఠశాలలో రెండేళ్ళు చదవాలి. ఎవరు మగవేషాలకు, ఎవరు ఆడవేషాలకు అన్నది ఎత్తునూ గొంతునూ బట్టి అక్కడే తేలిపోతుంది. మగవేషం అమ్మాయిలు జుట్టు కత్తిరించుకుంటారు. నడకా, కూర్చునే తీరూ, కోటు విసిరే తీరూ ఏళ్ళ తరబడి సాధన చేస్తారు. పెళ్ళి చేసుకుంటే మాత్రం సమాజం విడిచి వెళ్ళాల్సిందే! హాలు నిండా ఎక్కువగా ఆడవాళ్ళే. మనం హీరోల కటౌట్లకు పాలు పోసినట్టు, వాళ్ళు ఈ 'మగవాళ్ళ' కోసం గంటల తరబడి గేటు దగ్గర నిలబడతారు.

అంతా బంగారమని చెప్పను. 2023 సెప్టెంబరులో అక్కడి విశ్వ బృందం నటి, పాతికేళ్ళ పిల్ల, ప్రాణం పోగొట్టుకుంది. పని భారం, పైవాళ్ళ వేధింపులు బయటికొచ్చాయి. తప్పు జరిగిందని ఒప్పుకుని 2024 మార్చిలో ఆ సంస్థ కుటుంబానికి క్షమాపణ చెప్పుకుంది. తెరముందు ఆడది రాజైనంత మాత్రాన తెరవెనక రాణి అయిపోదు.

సరే, అసలు సంగతికొస్తాను. రేయ్ మకోతో ఫొటో నేను మొట్టమొదట పంపింది మా హాస్టల్ నేస్తానికి. కరీంనగర్‌లో డిగ్రీ చదివే రోజుల్లో మూడేళ్ళు మాదొకే గది. ఉట్నూరు వైపు ఒక గూడెం వాళ్ళది, గోండుల పిల్ల. 'ఆర్.ఆర్.ఆర్.' మేమిద్దరం కరీంనగర్‌లోనే మొదటి వారం చూశాం. కొరడా దెబ్బలు తింటూ భీమ్ పాడే పాట దగ్గర హాలంతా నిశ్శబ్దమైపోయింది. పక్కన అది ముక్కు ఎగబీలుస్తోంది. నేనూ ఏడ్చానులెండి, దాచుకోవడమెందుకు. సుద్దాల అశోక్ తేజ గారి కలానికీ, కాలభైరవ గొంతుకీ అంత బలముంది.

ఫొటో పంపిన ఐదు నిమిషాలకు ఫోన్ చేసింది.

"మంచిగున్నదే. కండ్లు జూడు, పులి లెక్కున్నయ్. నిజంగ ఆడామెనేనా?"

"ఆడామెనే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "మరి సోంబాయి ఎవలు?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా? అసలు సోంబాయి ఎవరో మీలో ఎంతమందికి తెలుసు? కొమురం భీమ్ భార్య పేరది. జోడేఘాట్ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. తెర మీద భీమ్‌కు జోడు ఎవరో మీకు గుర్తే... జెన్నీ, తెల్లదొరసాని! తకరజుకా నాటకంలోనూ ఆ జెన్నీయే కథానాయిక.

అన్నట్టు 'కొమురం' అన్నది కూడా మనం సాగదీసుకున్న మాటే. మా నేస్తం ఎప్పుడూ 'కుమ్ర' అనే అంటుంది. అది వాళ్ళలో ఒక ఇంటి పేరు. 2016లో ఏర్పడ్డ జిల్లా బోర్డు మీదేమో 'కుమురం భీం ఆసిఫాబాద్' అని ఉంటుంది. సినిమా ఒకటి పలికితే సర్కారొకటి రాస్తుంది, ఇంట్లోవాళ్ళు ఇంకొకటంటారు. పేరుకే ఇన్ని వేషాలుంటే ఇక మనిషి సంగతేం చెప్పను!

రాజమౌళి గారి మీద నాకు కోపమేం లేదు. ఇది కల్పిత గాథ అని ఆయన ముందే చెప్పారు. అల్లూరి, భీమ్ ఒకరినొకరు చూసుకున్నదీ లేదు, ఢిల్లీలో బ్రిడ్జి మీదినుంచి కలిసి దూకిందీ లేదు. నిజం భీమ్ పోరాడింది నిజాం సర్కారుతో. పోడు భూములు, పశువుల మేత, అడవి అధికారుల వేధింపులు... ఇవీ ఆ తగాదాకు మూలాలు. 1940లో జోడేఘాట్ గుట్టల మీద పోలీసు తుపాకులకు బలయ్యాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుగుతుంది. కల్పన కావాలంటే చేసుకోవచ్చు, దానికేం. కానీ కల్పన చేసేటప్పుడు ఎవరికి ప్రాణం పోశామో, ఎవరిని మరిచిపోయామో కూడా చూసుకోవాలి గదా!

ఒక్కసారి ఆ చిత్రంలోని గోండు ఆడవాళ్ళను లెక్కపెట్టండి. మల్లి అనే చిన్నపిల్ల ఉంది. చక్కగా పాడుతుంది, దొరసాని చేతికి ముగ్గులేస్తుంది, తర్వాత ఎత్తుకుపోబడుతుంది. ఆ పిల్ల తల్లి లోకి ఉంది. దొర కారు వెంట పరిగెడుతుంది, నెత్తిన దుంగ దెబ్బ తిని పడిపోతుంది. తూటా ఖరీదు పాటి చేయదని దొర లెక్కగట్టే ఆ దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడే కథ రగులుకుంటుంది. ఆడవాళ్ళు నిప్పంటించే అగ్గిపుల్ల లాంటి వాళ్ళన్నమాట. మంటంతా మగవాళ్ళది. మూడు గంటల పైచిలుకు బొమ్మలో ఒక పెద్ద గోండు ఆడమనిషి కూర్చుని నాలుగు మాటలు మాట్లాడిన దృశ్యం నాకైతే గుర్తు రావడం లేదు.

అందుకే జపాన్ ఫొటో నాకు నవ్వూ తెప్పించింది, గుండెలో ముల్లూ గుచ్చింది. మన బొమ్మలో గోండు ఆడదానికి చోటు లేకపోయె. అక్కడ ఒక ఆడది ఏకంగా భీమే అయి కూర్చుంది!

ఆడది మగవేషం కట్టడం మనకు కొత్తనుకునేరు. మా పక్క జిల్లా నిజామాబాద్ ఆమ్దాపూర్‌లో చిందుల ఎల్లమ్మ ఉండేది. చిందు భాగవతంలో కిరీటం పెట్టి, భుజకీర్తులు కట్టి పురుష పాత్రల్లో దిగితే జనం ఆమెను ఎల్లమ్మ అని మరిచిపోయేవారట. మగవాడు ఆడవేషం కట్టడం సరేసరి. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి ఆడవాళ్ళే అసూయపడ్డారని పెద్దలు చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. జపాన్‌లోనూ ఇదే వరస. 1629లో సర్కారు ఆడవాళ్ళను కబుకి వేదిక ఎక్కనివ్వకుండా నిషేధిస్తే, మగవాళ్ళే ఆడవేషాలు కట్టి దాన్నో మహాకళ చేశారు. అంటే అక్కడ ఒక రంగస్థలం మగవాళ్ళది, ఇంకొకటి ఆడవాళ్ళది. వాళ్ళ ప్రశ్న ఒక్కటే: వేషం కుదిరిందా, లేదా?

గోండుల్లో కూడా ఉందండోయ్! దీపావళి ముందు దండారీ మొదలైతే గుస్సాడీలు బయల్దేరతారు. నెత్తిన నెమలీకల పెద్ద కిరీటం, ఒంటినిండా బూడిద, భుజాన జింక చర్మం, చేతిలో కర్ర. మార్లవాయి కనకరాజు గారు ఈ నాట్యాన్ని దేశమంతా చూపించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024 అక్టోబరులో కన్నుమూశారు. టీవీలో మీరంతా చూసేది ఆ నెమలీకల గుస్సాడీలనే. కానీ దండారీ బృందంలో 'పోరిక్'లని ఇంకొందరుంటారు, ఆడవేషం కట్టిన కుర్రాళ్ళు. కెమెరాలు వాళ్ళవైపు అంతగా తిరగవు. నెమలీకలు లేవు గదా మరి.

ఈ ఈకల మాట వచ్చింది గనుక మా కాలేజీ వార్షికోత్సవం ముచ్చట చెప్పకుండా ఉండలేను. 'గిరిజన నృత్యం' అని ఒక అంశం పెట్టారు. మా నేస్తాన్ని పిలిచి "నువ్వుండగా ఇంకెవరమ్మా" అన్నారు. సంబరపడి వెళ్ళింది. తీరా చూస్తే వేషాలు అద్దెకిచ్చే దుకాణం నుంచి ప్లాస్టిక్ ఆకుల లంగాలు, రంగు ఈకలు, మొహాన తెల్లచుక్కలు పెట్టుకోవడానికి డబ్బా! అది బిత్తరపోయి, "సార్, మేం ఆకులు కట్టుకోం. చీరెలే కట్టుకుంటం. మా అవ్వ గోచి వోసి కడుతది. ఇది చూస్తే నవ్వి సస్తది" అంది.

ఆ సారు ఏమన్నాడో తెలుసా?

"అట్లయితే మీరు గిరిజనులని జనానికెట్ల తెలుస్తదమ్మా?"

ఆయన్ను తిట్టుకుని ప్రయోజనం లేదు. ఆయనకు నేర్పింది మన సినిమాయే. ఎన్ని పాత చిత్రాల్లో చూడలేదు... హీరో అడవిలో దారి తప్పుతాడు, చెట్ల వెనకనుంచి ఈకలు పెట్టుకున్న జనం ఊడిపడతారు, నోటికొచ్చిన శబ్దాలు చేస్తూ గుండ్రంగా గెంతుతారు, ఆకుల లంగాలో ఒక అమ్మాయి హీరోను చూసి కన్ను గీటుతుంది. ఆ జనానికి పేరు లేదు, ఊరు లేదు, భాష లేదు. కోయ, గోండు, చెంచు, లంబాడా అందరూ ఒకటే ముద్ద. మా నేస్తం మొండిది. ఎనిమిది మందిమి చీరెలు కట్టి, ఒకరి నడుమొకరు పట్టుకుని, అది నేర్పిన దెంసా ఆడాం. వాళ్ళ ఊళ్ళో ఫోన్‌లో పట్టుకొచ్చిన డోలు, పెప్రె వాయిద్యమే మా సంగీతం. మొదటి బహుమతి ఆకుల లంగాల వాళ్ళకు పోయింది. మాకు మూడోది కూడా దక్కలేదు! మూడేళ్ళలో అది ఏడవగా నేను చూసింది రెండుసార్లు. ఒకటి భీమ్ పాటప్పుడు. రెండోది ఆ రాత్రి.

పడమటి దేశాల్లో ఈ విషయం మీద పెద్ద పంచాయితీలే జరుగుతున్నాయి. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' ఆడినప్పుడు మనమంతా తెల్లారకముందే లేచి చూశాం. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ నిలబడి పాడితే ఒళ్ళు పులకరించింది. కానీ మన ఇద్దరు హీరోల వేషాల్లో చిందేసిన నర్తకులు మనవాళ్ళు కారు. అమెరికాలో ఉన్న దక్షిణాసియా నర్తకులు ఊరుకోలేదు. "మా పాటకు మేం పనికిరామా?" అని నిలదీశారు. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే అంటాను నేను. అక్కడ అడిగేది, వేషం కుదిరిందా అని కాదు. ఆ వేషం కట్టే హక్కు ఎవరిదని!

అలా అడిగీ అడిగీ కొంత సాధించుకున్నారు కూడా. 2024 జనవరి 7న, అంటే తకరజుకాలో భీమ్ తెర లేచిన రెండో రోజుకే, లిలీ గ్లాడ్‌స్టోన్ అనే అమెరికా ఆదివాసీ నటి గోల్డెన్ గ్లోబ్ ఉత్తమ నటి అవార్డు తీసుకుంది. ఆ జనంలోంచి ఆ బహుమతి అందుకున్న మొదటి నటి ఆమే. వేదిక మీద ముందు తన బ్లాక్‌ఫీట్ భాషలో నాలుగు మాటలు మాట్లాడింది. ఆమెకు పేరు తెచ్చిన 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' ఓసేజ్ తెగ భూముల్లో నూనె పడితే ఆ సొమ్ము కోసం తెల్లవాళ్ళు చేసిన హత్యల కథ. అందులోనూ కథ ఎక్కువగా తెల్ల మొగుడి వెంటే నడిచిందని, భార్య వైపునుంచి చెప్పి ఉంటే బాగుండేదని ఆ చిత్రానికి భాష నేర్పిన ఓసేజ్ మనిషే అన్నాడు. చూశారా, అక్కడా మా నేస్తం ప్రశ్నే!

జపాన్‌కు కూడా సొంత ఆదివాసులున్నారని నాకు తర్వాత తెలిసింది. ఉత్తరాన హొక్కైదో దీవిలో ఐనూలు. వాళ్ళ భాష, వేట, ఆచారం మాన్పించి జపాన్ వాళ్ళలో కలిపేయడానికి 1899లో ఒక చట్టమే చేశారు. అది రద్దయింది 1997లో! వాళ్ళు ఆ నేల ఆదివాసులేనని చట్టంలో రాసుకోవడానికి 2019 దాకా పట్టింది. అలాంటి ఐనూల పిల్ల అసిర్పా నాయికగా 2014లో 'గోల్డెన్ కముయ్' అనే బొమ్మల కథ మొదలై కుర్రకారును ఊపేసింది. అసిర్పా ఏడుస్తూ కూర్చునే పిల్ల కాదు. యుద్ధం చేసొచ్చిన సైనికుడికి అడవిలో ఎలా బతకాలో, ఏ జంతువును ఎలా వండాలో, ఏ దేవుడికి ఎలా మొక్కాలో నేర్పుతుంది. ఐనూ భాషను పరిశీలించడానికి నకగావా హిరోషి అనే భాషా పండితుణ్ణి పెట్టుకున్నారు. 2024 జనవరి 19న అది సినిమాగా వచ్చింది. అసిర్పాగా వేసింది మాత్రం ఐనూ పిల్ల కాదు, యమద అన్న అనే జపాన్ నటి. దాని మీద అక్కడా చర్చ నడిచింది. అంతకు ముందు 2020లో వచ్చిన 'ఐనూ మొసిర్' అనే చిన్న చిత్రంలో ఐనూలే ఐనూల పాత్రలు వేశారు. దానికి డబ్బు తక్కువ, హాళ్ళు తక్కువ. మా భాషలో చెప్పాలంటే 'పోరిక్' సినిమా అన్నమాట.

ఒకే నెలలో మూడు సంగతులు! వీటిని పక్కపక్కన పెట్టుకుని నేనూ మా నేస్తమూ ఫోన్‌లో చాలా రాత్రులు వాదించుకున్నాం. గోండు పాత్ర గోండులే వేయాలని నేను. అదేమో ఒప్పుకోదు. "ఎన్టీఆర్ మంచిగనే చేసిండు గదనే. గా జపాన్ ఆమె ఇంకా మంచిగ చేసిందో ఏమో. ఎవలన్న చెయ్యనీ. చేసేటప్పుడు మమ్ముల ఒక్క మాట అడగాలె. మా అవ్వ బతుకెట్లుంటదో, మా భాషల ఏమంటరో, సోంబాయి ఏం చేసిందో... అడగాలె గదా. అడిగితే ఏంబోతది?"

వేషం ఎవరిదన్నది పడమటి వాళ్ళ మాట, వేషం కుదిరిందా అన్నది తూర్పు వాళ్ళ మాట. అడిగారా అన్నది ఉట్నూరు మాట. మూడింట్లో నాకు ఆఖరిదే బరువుగా తోస్తోంది. గోండీ వాళ్ళ అమ్మభాష. సినిమాలో భీమ్ నోట వినిపించేది మాత్రం తెలుగే.

అడిగి తీసినవాళ్ళు లేకపోలేదు. కరీంనగర్ జిల్లా వాడైన అల్లం రాజయ్య గారు సాహు గారితో కలిసి భీమ్ మీద నవల రాశారు. అల్లాణి శ్రీధర్ గారు 1990లోనే 'కొమరం భీం' చిత్రం తీశారు, నంది అవార్డులూ వచ్చాయి. కానీ థియేటర్ ముఖం చూడ్డానికి దానికి 2010 దాకా పట్టింది. ఇరవై ఏళ్ళు డబ్బాలో! భీమ్ నేలకొరిగాక నిజాం సర్కారు గోండుల స్థితి తెలుసుకోవడానికి పంపిన హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉండి తీసిన ఫొటోలున్నాయి. అందులో ఆడవాళ్ళు కెమెరాలోకి సూటిగా చూస్తుంటారు. ఆకులు లేవు, ఈకలు లేవు. మన కళా దర్శకులు ఆ ఫొటోలు ఒక్కసారి తిరగేస్తే దుకాణాల్లో ప్లాస్టిక్ ఆకుల గిరాకీ కొంత తగ్గును.

భీమ్ నెత్తిన టోపీ గొడవ కూడా ఇక్కడిదే. 2020 అక్టోబరులో టీజర్ వచ్చి, చివర భీమ్ తెల్ల టోపీతో కనిపించేసరికి అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపూరావు గారు అభ్యంతరం చెప్పారు. తెర మీద చూస్తే అది మారువేషం. అఖ్తర్ పేరుతో ఢిల్లీలో ఒక ముస్లిం కుటుంబం నీడన దాక్కుంటాడు. మా మనిషి కథ మమ్మల్ని అడక్కుండా ఎలా తీస్తారన్న ప్రశ్న వేరు, టోపీ మీద కోపం వేరు. రెండూ కలగాపులగమై మొదటిది ఎవరికీ వినిపించకుండా పోయింది. పక్కింట్లోంచి రంజాన్‌కు షీర్‌ఖుర్మా గిన్నె వచ్చే కరీంనగర్ గల్లీలో పెరిగినదాన్ని నేను. నన్నడిగితే టోపీ కంటే, మన పాత చిత్రాల్లో ముస్లిం పాత్రల చేత పలికించిన ఆ "నిమ్మల్కి, తుమ్మల్కి" తెలుగే పెద్ద అవమానం. మా గల్లీలో ఎవరూ అలా మాట్లాడరు. మా పక్కింటి ఖాలా మాట్లాడే తెలుగు మన హీరోయిన్లలో చాలామందికి రాదు!

మా తెలంగాణ యాసకూ ఇదే గతి పట్టింది ఒకప్పుడు. రౌడీ నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో తప్ప వినిపించేది కాదు. 2023లో సిరిసిల్ల వాడైన వేణు యెల్దండి 'బలగం' తీసినప్పుడు మా ఊళ్ళలో తెరలు కట్టుకుని చూశారు. ఆ చిత్రం చివర పాడి ఊరంతటినీ ఏడిపించినవాళ్ళు బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య. వాళ్ళు నటులు కారు. ఇంటింటా చావు పాట పాడేవాళ్ళే తెరమీదికొచ్చి అదే పాడారు. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో పోయారు. ఆ పాట దగ్గర హాల్లో నాకో సంగతి తట్టింది... ఒక ఆడమనిషి, నలుగురూ చిన్నచూపు చూసే కులంలోంచి వచ్చినామె, తన గొంతుతో తన పనే చేస్తుంటే, కథలోని బంధువులంతా నోరు మూసుకుని వింటున్నారు. ఆమెకు మేకప్ లేదు, కటౌట్ లేదు. హాలు ఎత్తి పట్టింది.

సోంబాయికి అలాంటి గొంతు ఎక్కడ దొరుకుతుందో! మా నేస్తం మాత్రం ఊరుకోలేదు. ఇప్పుడు ఊట్నూరు దగ్గరే చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. సెలవుల్లో గూడేల్లో ముసలమ్మల దగ్గర కూర్చుని సోంబాయి గురించి ఏం విన్నారో గోండీలో చెప్పించి ఫోన్‌లో పట్టుకుంటోంది. ఒకామె ఒకలా చెబితే ఇంకొకామె ఇంకోలా చెబుతుందట. "అన్నీ ఉంచు, ఏదీ తీసెయ్యకు" అన్నాను.

పోయిన దీపావళికి దండారీ చూడ్డానికి వాళ్ళ గూడెం వెళ్ళాను. సాయంత్రం వేళ ఇంటి వెనక నలుగురు కుర్రాళ్ళు పోరిక్ వేషాలు కట్టుకుంటున్నారు. అక్కచెల్లెళ్ళ చీరెలే. ఒకడికి కుచ్చిళ్ళు నిలవక జారిపోతుంటే అందరూ మా నేస్తాన్ని పిలిచారు. నోట్లో పిన్నీసులు పెట్టుకుని వాడి నడుం చుట్టూ చీరె బిగిస్తూ, "గట్ల గంతులేసుకుంట నడుస్తరా ఆడోళ్ళు? మెల్లగ నడువ్" అని గద్దిస్తోంది. వాడు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. "మళ్ళ నడువ్" అంది.